పీహెచ్‌డీ అప్లికేషన్లు చదివేవాళ్లకు కొన్ని పద్ధతులు

ఆ అప్లికేషన్‌ను మొదటి విడతలో పక్కన పడేసింది నేనే. కెమిస్ట్రీ పీహెచ్‌డీ సీట్ల కోసం వచ్చిన ఫైళ్లలో అదొకటి. పేరున్న కాలేజీ కాదు. అచ్చయిన పేపర్లు లేవు, ఇంటర్న్‌షిప్ లేదు. నాలుగు నిమిషాల్లో చదివేసి "వద్దు" దొంతరలో వేశాను. గడువుకు ముందు రోజు మనసు ఊరుకోక ఆ దొంతరను మళ్లీ తిరగేస్తుంటే, అప్లికేషన్‌తో పాటు తన గురించి రాసి పంపే స్టేట్‌మెంట్ చివర ఒక వాక్యం కనబడింది: మా ల్యాబ్‌లో పాడైన స్పెక్ట్రోఫోటోమీటర్‌ను బాగుచేశాను.

ఆ అమ్మాయికి ఫోన్ చేసి అడిగాను. ద్రావణం ఏ వేవ్‌లెంగ్త్ కాంతిని ఎంత పీల్చుకుంటుందో కొలిచే యంత్రం అది. మూడేళ్లుగా గుడ్డ కప్పి మూలన పెట్టారట. మూత విప్పి చూస్తే దీపం మాడిపోయి ఉంది. కొత్తది బిగించాక రీడింగులైతే వస్తున్నాయి గానీ, అది చూపించే వేవ్‌లెంగ్త్‌ను నమ్మొచ్చో లేదో తెలియలేదు. సరిచూసుకోవడానికి వాడే హోల్మియం ఫిల్టర్ కాలేజీలో లేదు. పొటాషియం పర్మాంగనేట్ ద్రావణానికి సుమారు 525, 545 నానోమీటర్ల దగ్గర రెండు శిఖరాలు వస్తాయని పుస్తకంలో చూసి, పలచగా కలిపి, ఆ రెండింటితో స్కేలు సరిచూసుకుంది. ఆ తర్వాత యంత్రం ఎలా వాడాలో రెండు పేజీల్లో రాసి జూనియర్ల కోసం పక్కనే గోడకు అతికించింది.

ఇదంతా పరిశోధన కిందికే వస్తుందని ఆ అమ్మాయికి చెప్పినవాళ్లు లేరు. అందుకే ఒక్క వాక్యంతో సరిపెట్టింది. నా సంగతీ అంతే. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. సైన్స్ పీహెచ్‌డీకి చాలాచోట్ల స్టైపెండ్ ఇస్తారని, అప్పు చేయకుండా చదవొచ్చని డిగ్రీ అయిన ఏడాదికి తెలిసింది. అదీ రైల్లో ఎదురుగా కూర్చున్న ఒకాయన మాటల మధ్యలో. తెలివి ఉండి కూడా ఈ కబురు అందక ఆగిపోయినవాళ్లు ఎంతమందో అని ఇప్పటికీ బాధగా ఉంటుంది. మీరు కమిటీలో ఉంటే వాళ్లకు తలుపు తీయడం చాలావరకు మీ చేతుల్లోనే ఉంది.

మొదటి పని, ఒక్క ఫైల్ కూడా తెరవకముందే కమిటీ అంతా కూర్చుని, దేనికోసం చూస్తున్నామో కాగితం మీద పెట్టుకోవాలి. ఫైళ్లు తెరిచాక రాసుకుంటే అప్పటికే నచ్చినవాళ్లకు సరిపోయేలా రాసుకుంటాం. మా పాత కాగితంలో "పరిశోధన అనుభవం" అని ఉండేది. పెద్ద ల్యాబ్‌లో గిన్నెలు కడిగినా దానికి మార్కులు పడేవి. ఇప్పుడు "ఒక చిక్కును తనంతట తాను పట్టుకుని చివరిదాకా వెళ్లిన దాఖలా" అని మార్చాం. సున్నా, ఒకటి, రెండు అని మార్కులు పెట్టి, రెండంటే ఎలా ఉండాలో ఒక ఉదాహరణ కూడా పక్కనే రాశాం. స్పెక్ట్రోఫోటోమీటర్ కథ ఆ గడిలోనే ఉంది. ప్రతి ఫైల్‌నూ ఇద్దరు విడివిడిగా చదవాలి. ఇద్దరి మార్కులూ దూరంగా ఉంటే మూడో మనిషి చదవాలి.

నన్నడిగితే అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చింది స్టేట్‌మెంట్‌లో మార్పు. "మీ లక్ష్యాల గురించి రాయండి" అంటే, ఎలా రాయాలో ఇంట్లో చెప్పేవాళ్లున్న పిల్లలే బాగా రాస్తారు. మిగతావాళ్లు "చిన్నప్పటి నుంచి సైన్స్ అంటే ఇష్టం" అని మొదలుపెట్టి సగం పేజీ అక్కడే పోగొట్టుకుంటారు. దాని బదులు సూటిగా మూడు ప్రశ్నలు ఇవ్వండి. మీరు చేసిన ఒక పనిలో ఏది అనుకున్నట్టు జరగలేదు, అప్పుడు ఏం చేశారు? మీ చదువుకు అడ్డొచ్చిన పరిస్థితులు, చేయాల్సి వచ్చిన ఉద్యోగం, ఇంటి బాధ్యత ఏమైనా ఉన్నాయా? మా దగ్గర ఏ పని చేయాలని ఉంది, ఎందుకు? ప్రశ్నల కిందే "కాలేజీ ల్యాబ్‌లో చేసిన పని, రిపేర్లు, ప్రోగ్రాములు, ట్యూషన్లు అన్నీ లెక్కకు వస్తాయి" అని చేర్చండి. ఈ ఒక్క లైను పడిన ఏడాది నుంచి మాకు వచ్చే జవాబుల తీరే మారిపోయింది.

రికమండేషన్ లెటర్లదీ ఇదే సమస్య. వందల మందికి పాఠం చెప్పే లెక్చరర్ "క్రమశిక్షణ గలది, కష్టపడుతుంది" అని నాలుగు లైన్లు రాసి పంపిస్తారు. తప్పు వాళ్లది కాదు, మనకేం కావాలో మనం చెప్పలేదు. పైగా లెటర్లలో మనకు తెలియకుండానే పక్షపాతం దూరుతుంది. 2003లో ఫ్రాన్సెస్ ట్రిక్స్, కారొలిన్ సెంకా అనే పరిశోధకులు ఒక అమెరికన్ మెడికల్ స్కూల్‌లో ఉద్యోగాలకు ఎంపికైనవాళ్ల కోసం వచ్చిన 300కు పైగా లెటర్లను పరిశీలిస్తే, ఆడవాళ్ల గురించి రాసినవి పొట్టిగా, అనుమానం పుట్టించే మాటలతో కనిపించాయి. అందుకని లెటర్ రాసేవాళ్లకూ ప్రశ్నలే పంపండి: ఈ విద్యార్థి మిమ్మల్ని ఆశ్చర్యపరిచిన సందర్భం ఒకటి చెప్పండి, తప్పు చేసినప్పుడు ఏం చేశారో చెప్పండి.

టెస్టు స్కోర్లకు గీత గీసి, కింద ఉన్నవాళ్లను చదవకుండా పక్కన పెట్టకండి. స్కోరు ఒక్కదాన్నే కటాఫ్‌గా వాడొద్దని జీఆర్‌ఈ నిర్వహించే ఈటీఎస్ సంస్థే చెబుతోంది. అప్లికేషన్ ఫీజు మాఫీ ఉంటే ఫారం మొదటి పేజీలోనే రాయండి. అడిగితేనే ఇస్తాం అంటే, అడగడానికి మొహమాటపడేవాళ్లు అక్కడే ఆగిపోతారు.

సబ్జెక్టులో పునాది తక్కువైనా చురుకున్న పిల్లలను ఏం చేయాలి? అమెరికాలోని నాష్‌విల్‌లో ఫిస్క్, వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలు 2004లో ఒక బ్రిడ్జ్ పద్ధతి మొదలుపెట్టాయి. విద్యార్థి ఫిస్క్‌లో మాస్టర్స్ చేస్తూనే వాండర్‌బిల్ట్ అధ్యాపకులతో పరిచయం పెంచుకుంటూ, వాళ్ల ల్యాబ్‌ల్లో పని చేస్తూ పీహెచ్‌డీకి సిద్ధమవుతారు. సీటు ఇచ్చే వేళకు ఆ మనిషి కొత్త కాదు, పని కళ్లతో చూసిందే. దగ్గర్లో ఒక చిన్న కాలేజీతో ఒప్పందం చేసుకుని ఏటా ఇద్దరితో మొదలుపెట్టినా చాలు.

ఇక డబ్బు సంగతి. స్పెక్ట్రోఫోటోమీటర్ అమ్మాయి చేరాక మొదటి స్టైపెండ్ రెండో నెలాఖరుకు గానీ పడలేదు. గది అద్దెకు అడ్వాన్సు కట్టాలి, అప్పటిదాకా తిండి గడవాలి. "సెలవులు అయ్యాక చేరొచ్చా సార్?" అని చేరకముందు అడిగితే ఆసక్తి తగ్గిందేమో అనుకున్నాను. అసలు కారణం చేతిలో డబ్బు లేకపోవడమని రెండు వారాల తర్వాత ల్యాబ్ మేట్ చెబితే తెలిసింది. అప్పటి నుంచి మా డిపార్ట్‌మెంట్‌లో చేరిన రోజే చేతికి కొంత మొత్తం ఇచ్చి, తర్వాత స్టైపెండ్‌లో సర్దుకుంటున్నాం. కాన్ఫరెన్సు టికెట్లు కూడా నేరుగా డిపార్ట్‌మెంటే కొంటుంది. "ముందు మీరు పెట్టుకోండి, బిల్లు ఇస్తే తిరిగిస్తాం" అన్నది చేతిలో డబ్బున్నవాళ్ల కోసం పెట్టిన పద్ధతి.

చేరాక మొదటి ఏడాది ఒంటరిగా వదలకండి. అమెరికాలోని మేరీల్యాండ్‌లో యూఎంబీసీ అనే యూనివర్సిటీలో 1988లో మొదలైన మేయర్‌హాఫ్ స్కాలర్స్ డిగ్రీ స్థాయి కార్యక్రమమే అయినా, పీహెచ్‌డీ వైపు వెళ్లాలనుకునే పిల్లలను కాలేజీ మొదలవకముందే వేసవిలో పిలిచి, గుంపుగా కూర్చుని చదవడం అలవాటు చేస్తుంది. మేమూ, పీహెచ్‌డీలో కొనసాగడానికి రాసే అర్హత పరీక్షకు ముందు మూడు నెలలు వారానికి ఒక సాయంత్రం పాత ప్రశ్నలతో బోర్డు దగ్గర కూర్చోబెడుతున్నాం. సీనియర్ ఒకరు ఉంటారు, గైడ్లు రారు. గైడ్ ఎదురుగా ఉంటే నోరు విప్పరు కదా.

చివరగా, సీటు ఇవ్వలేనివాళ్లకు. చివరి విడత దాకా వచ్చి ఆగినవాళ్లకైనా రెండు లైన్లు రాయండి: ఏది బాగుంది, ఏది తక్కువైంది. నలభై మందికి రాయడానికి నాకు మూడు సాయంత్రాలు పట్టింది. కిందటేడాది అలా రాసినవాళ్లలో ఇద్దరు ఈసారి మళ్లీ అప్లై చేశారు. ఒకరి ఫైల్ ఇప్పుడు నా టేబుల్ మీదే ఉంది. మొదటి ప్రశ్నకు జవాబు పేజీన్నర ఉంది.