కొత్త ఎస్జీటీలూ, మొదటి పే స్లిప్పు, ఎస్ఆర్ (సర్వీసు రిజిస్టర్) ఇలా చూసుకోండి

మన ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ టీచర్ల నియామకాలకి జరిగిన మెగా డీఎస్సీ 2025లో మొత్తం 16,347 పోస్టులైతే అందులో 6,371 ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్) పోస్టులే. ఆ బ్యాచ్ వాళ్ళు మా కోనసీమ బళ్ళకీ వచ్చారు. కాంప్లెక్స్ మీటింగ్ అయ్యాక ఎవరో ఒకరు పక్కకి వచ్చి "మాస్టారూ, జీతం ఇంతే పడిందేంటండీ" అని ఫోన్ చూపిస్తారు. చూస్తే అందులో ఉండేది బ్యాంకు మెసేజ్. పే స్లిప్పు తీశారా అంటే అదెక్కడ దొరుకుతుందండీ అంటారు. నేను డీఎస్సీ 2008 బ్యాచ్. నాకు ఇవి ఎవరూ చెప్పలేదు, నష్టపోయాకే తెలిశాయి. మీకు అలా జరగకూడదని రాస్తున్నాను.

ముందు మీ సీఎఫ్ఎంఎస్ ఐడీ (ప్రభుత్వ చెల్లింపుల కంప్యూటర్ వ్యవస్థలో మీ నంబరు), పొజిషన్ ఐడీ (మీ పోస్టు నంబరు) వచ్చాయో లేదో కనుక్కోండి. ఈ రెండూ లేకపోతే మీరు రోజూ బడికి వెళ్ళి పాఠం చెబుతున్నా జీతం బిల్లు కదలదు. ప్రైమరీ స్కూల్ వాళ్ళకి బిల్లు పెట్టేది మండల విద్యాశాఖాధికారి, అంటే మన డీడీఓ (జీతాలు డ్రా చేసి ఇచ్చే అధికారి) ఎంఈఓ గారే. అక్కడి నుంచి సబ్ ట్రెజరీకి వెళ్తుంది. కాబట్టి జీతం ఆలస్యమైతే హెడ్మాస్టర్ గారిని అడిగి ఊరుకుంటే లాభం లేదు, బిల్లు ఎంఈఓ ఆఫీసులో ఉందా, ట్రెజరీలో ఆగిందా అన్నది తెలుసుకోవాలి. బిల్లు నంబరు చెప్పమని అడగండి. నంబరుతో అడిగితే జవాబు తొందరగా వస్తుంది.

ఇక లెక్క. 2022 పీఆర్సీ (వేతన సవరణ) ప్రకారం ఎస్జీటీ స్కేలు 32,670 నుంచి 1,01,970 దాకా. కొత్తగా చేరినవాళ్ళ బేసిక్ 32,670. దీని మీద డీఏ (కరువు భత్యం). 2024 జనవరి నుంచి వర్తించేలా ఇచ్చిన 37.31 శాతం తీసుకుంటే 12,189 రూపాయలు. పల్లెటూళ్ళో పనిచేస్తే ఇంటద్దె అలవెన్సు 10 శాతం, అంటే 3,267. మొత్తం 48,126. ఈ కాగితం మీది అంకె చూసి ఇంట్లో వాళ్ళు లెక్కలు వేసేసుకుంటారు. సీపీఎస్ (కాంట్రిబ్యూటరీ పెన్షన్ స్కీము) కింద బేసిక్, డీఏ కలిపిన దాంట్లో 10 శాతం, అంటే 4,486 పోతుంది. వృత్తిపన్ను 200. తర్వాత ఏపీజీఎల్ఐ (ప్రభుత్వ ఉద్యోగుల జీవిత బీమా), గ్రూప్ ఇన్సూరెన్స్, హెల్త్ కార్డు తాలూకు ఈహెచ్ఎస్. ఇవన్నీ పోను చేతికి వచ్చేది సుమారు 42 వేలు. మీ స్లిప్పులో దీనికి బాగా తేడా ఉంటే ఏ వరుసలో ఉందో వేలు పెట్టి చూసుకోండి. డీఏ శాతం మారినప్పుడల్లా ఇదే పద్ధతిలో మళ్ళీ లెక్క కట్టుకోవచ్చు. కేంద్రం 1 శాతం పెంచితే మనకి వచ్చేది 0.91 శాతం, అందుకే 4 అని పేపర్లో చదివినా స్లిప్పులో 3.64 కనబడుతుంది. అది ఎవరూ చేసిన తప్పు కాదు.

ఇంటద్దె దగ్గర మన డెల్టా వాళ్ళకి ఓ చిక్కుంది. ఇది మీరు ఉండే ఊరిని బట్టి రాదు, పనిచేసే ఊరిని బట్టి వస్తుంది. అమలాపురం, భీమవరం కొత్త జిల్లా కేంద్రాలయ్యాక అక్కడ పనిచేసేవాళ్ళకి 16 శాతం చేశారు. అదే బేసిక్ మీద 5,227 రూపాయలు. లంక ఊళ్ళో పనిచేస్తూ అమలాపురంలో అద్దెకుండే టీచరమ్మకి మాత్రం 10 శాతమే. పొద్దున్నే రేవుకొచ్చి, పంటు (బండ్లు దాటించే పడవ) కోసం చూసి, బండి ఎక్కించి, అవతల దిగి మళ్ళీ గట్టు మీద వెళ్ళాలి, వరదొస్తే అదీ లేదు. ఆవిడ ఖర్చు ఎక్కువ, వచ్చేది తక్కువ. ఇది న్యాయమని నాకు ఎప్పుడూ అనిపించలేదు. కానీ నిబంధన ఇది కాబట్టి, మీ స్లిప్పులో 10 శాతం ఉంటే పొరపాటు పడిందని ఆఫీసు చుట్టూ తిరగొద్దు. ట్రాన్స్‌ఫర్ అయి వేరే కేటగిరీ ఊరికి మారినప్పుడు మాత్రం మొదటి నెల స్లిప్పు తప్పకుండా చూడండి, పాత శాతమే కొనసాగడం మామూలే.

సీపీఎస్ గురించి. 2004 సెప్టెంబర్ 1 తర్వాత చేరినవాళ్ళందరం ఇందులోనే ఉన్నాం. మన 10 శాతానికి ప్రభుత్వం ఇంకో 10 శాతం కలిపి వెయ్యాలి. దీనికి మీకు ప్రాన్ నంబరు (పెన్షన్ ఖాతా నంబరు) రావాలి, దానికి ఫారం మీరే నింపి డీడీఓ ద్వారా పంపాలి. ప్రాన్ రాలేదని కోత పడకపోతే సంబరపడకండి, తర్వాత ఆ నెలలన్నిటివీ కలిపి ఒకేసారి పట్టుకునే అవకాశం ఉంది. నంబరు వచ్చాక మూడు నెలలకోసారి లాగిన్ అయి మన వాటా, ప్రభుత్వం వాటా రెండూ పడ్డాయో లేదో చూడండి. పడని నెల పేరు, ఆ నెల స్లిప్పు పక్కన పెట్టుకుంటే అడగడం తేలిక. నామినీ పేరు కూడా రాయండి, పెళ్ళయ్యాక మార్చండి.

ఏపీజీఎల్ఐలో చాలామంది దెబ్బతినేది ఒక్క చోటే. జీతంలో ప్రీమియం కట్ అవుతుంది కదా, పాలసీ ఉన్నట్టే అనుకుంటారు. ప్రపోజల్ ఫారం ఇచ్చి బాండు తెచ్చుకోకపోతే డబ్బు పోతూనే ఉంటుంది గానీ మీ పేరున బాండు ఉండదు. ప్రీమియం పెంచినప్పుడు కూడా మళ్ళీ ఫారం ఇవ్వాలి.

ఇప్పుడు అసలు సంగతి, సర్వీసు రిజిస్టర్. జీతం నెలకోసారి వచ్చి ఖర్చయిపోతుంది, ఎస్ఆర్ మాత్రం రిటైరయ్యేదాకా మీ వెంట ఉంటుంది, ఇంక్రిమెంటు, స్కేలు, సెలవు, పెన్షన్ అన్నీ దాన్ని చూసే ఇస్తారు. నా సంగతే చెబుతాను. ఒకే పోస్టులో ఆరేళ్ళు నిండాక ఆరేళ్ళ స్కేలు, అంటే పై స్కేలు, వస్తుంది కదా అని దరఖాస్తు పెట్టాను. ఫైలు రెండుసార్లు వెనక్కి వచ్చింది. ఎందుకంటే మధ్యలో మా అమ్మకి ఒంట్లో బాగోక నేను పెట్టిన హాఫ్ పే లీవు ఎస్ఆర్‌లో ఎక్కలేదు, రెండేళ్ళకి వార్షిక వెరిఫికేషన్ సంతకమూ లేదు. లీవు మంజూరు చేసిన కాగితం అప్పటి ఆఫీసులో దొరకలేదు, నా దగ్గర కాపీ లేదు. ఆ ఒక్క కాగితం కోసం 14 నెలలు తిరిగాను. డబ్బు చివరికి వచ్చింది గానీ ఆ టెన్షన్‌లో బళ్ళో పిల్లల మీద చిరాకుపడ్డ రోజులు ఇప్పటికీ బాధపెడతాయి.

అందుకని చేరిన మొదటి నెలలోనే ఎస్ఆర్ తెరిచారా అని అడగండి. మొదటి పేజీలో పుట్టిన తేదీ, ఇంటిపేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉన్నాయా, పుట్టుమచ్చలు, డిగ్రీ, డీఈడీ, బీఈడీ అన్నీ రాశారా చూసి ఫోన్లో ఫోటో తీసుకోండి. చేరిన తేదీతో పాటు ఉదయమా మధ్యాహ్నమా అన్నది కూడా ఉండాలి. ఆ తర్వాత ఏడాదికోసారి, వేసవి సెలవులకి ముందు అయితే వీలుగా ఉంటుంది, ఎంఈఓ ఆఫీసుకి వెళ్ళి మీ ఎస్ఆర్ చూసుకోండి. చూపించమని అడగడం మీ హక్కు, అడగడానికి మొహమాటం అక్కర్లేదు. గట్టిగా కాదు, గుమస్తా గారికి తీరిక ఉన్న రోజు వెళ్ళి కుదురుగా అడిగితే చాలు, వాళ్ళ మీదా పని భారం తక్కువేం కాదు.

మొదటి ఇంక్రిమెంటు 920 రూపాయలు, ఏడాది నిండాక చేరిన నెల ఒకటో తేదీన. బేసిక్ 33,590 అవుతుంది. ప్రొబేషన్ అంటే వరసగా మూడేళ్ళ వ్యవధిలో రెండేళ్ళ డ్యూటీ పూర్తి చేయడం. దాన్ని డిక్లేర్ చేయాలంటే మీ సర్టిఫికెట్లు అసలువేనని చెప్పే జెన్యూన్‌నెస్ రిపోర్టులు రావాలి, ఇవి ఆలస్యమయ్యేవి కాబట్టి ఉత్తరాలు వెళ్ళాయో లేదో ఇప్పుడే కనుక్కోండి. తర్వాత ఒకే పోస్టులో 6, 12, 18, 24 ఏళ్ళకి స్కేళ్ళు ఉన్నాయి. 12 ఏళ్ళ దానికి పై పోస్టు అర్హతలు కావాలి, కాబట్టి బీఈడీ లేనివాళ్ళు ఇప్పటి నుంచే ఆలోచించుకోవాలి.

సెలవులు క్లుప్తంగా చెప్పేస్తాను. క్యాజువల్ 15, స్పెషల్ క్యాజువల్ 7, ఆడవాళ్ళకి అదనంగా ఇంకో 5. ఏడాదికి 20 హాఫ్ పే లీవులు. మనది వెకేషన్ డిపార్ట్‌మెంట్ (వేసవి సెలవులు ఉండే శాఖ) కాబట్టి ఈఎల్స్ (ఎర్న్‌డ్ లీవులు) ఏడాదికి 6 మాత్రమే. నెల కంటే ఎక్కువ సెలవు ఏది పెట్టినా మంజూరు ఉత్తర్వు కాపీ దాచుకోండి, నేను చెప్పిన కథ గుర్తుందిగా.

పన్ను విషయానికొస్తే కొత్త విధానంలో 12 లక్షల లోపు ఆదాయానికి కట్టేదేమీ లేదు, మీ జీతం అందులో సగమే. ఎవరో భయపెట్టారని పాలసీలు కొనకండి. మొదటి స్లిప్పు పట్టుకుని పర్సనల్ లోన్ ఇస్తామని వచ్చేవాళ్ళకి ఒక ఏడాది ఆగమని చెప్పండి.

చివరిగా, మీలో చాలామంది ఇన్నాళ్ళూ ప్రైవేటు స్కూళ్ళలో చేసి వచ్చినవాళ్ళే. ఉద్యోగం వచ్చిన సంతోషంలో అక్కడ రావలసినవి వదిలేస్తున్నారు. పీఎఫ్ పట్టి ఉంటే మీ యూఏఎన్ (పీఎఫ్ ఖాతా నంబరు) తో లాగిన్ అయి, మానేసిన తేదీ నమోదైందా, పేరు ఆధార్‌తో సరిపోయిందా చూడండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ళ దగ్గర ఉంటే వెంటనే వెనక్కి తీసుకోండి, అట్టిపెట్టుకునే హక్కు వాళ్ళకి లేదు. ఒకే స్కూల్లో అయిదేళ్ళు నిండితే గ్రాట్యుటీ కూడా వస్తుంది. టీచర్లకి ఇది 1997 నుంచి వర్తించేలా చేసిన చట్ట సవరణను సుప్రీంకోర్టు 2022 ఆగస్టులో సమర్థించింది. లెక్క ఏమిటంటే ఆఖరి నెల బేసిక్, డీఏ కలిపి 15తో గుణించి 26తో భాగించాలి, వచ్చినదాన్ని ఎన్నేళ్ళు చేస్తే అన్నిటితో గుణించాలి. 13,000 జీతం, ఆరేళ్ళు అయితే 45,000. ఒక కాగితం మీద చేరిన తేదీ, మానేసిన తేదీ, ఆఖరి జీతం రాసి కరస్పాండెంట్ గారికి ఇచ్చి రెండో కాపీ మీద అందినట్టు సంతకం తీసుకోండి. తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు ఉంచుకోండి, అప్పటికీ ఇవ్వకపోతే ఆ రసీదుతోనే కార్మిక శాఖ ఆఫీసుకి వెళ్ళండి.