‘నిబంధన’, ‘విశ్వాసం’ అన్న మాటలను హీబ్రూ లేఖనాల్లో చదివే పద్ధతి

నల్లగొండ వైపు పల్లెల్లో బైబిలు వాక్యపఠనానికి కూర్చున్నప్పుడు ‘నిబంధన’ అనగానే చాలామందికి కౌలు కాగితం, ఇద్దరు సాక్షులు, ఒక వేలిముద్ర గుర్తుకొస్తాయి. ఆ పోలికతో మొదలుపెట్టడం తప్పు కాదు గాని, అక్కడే ఆగిపోకూడదు.

ముందుగా ఆదికాండము 15వ అధ్యాయాన్ని నిదానంగా చదవండి. హీబ్రూలో నిబంధనను ‘బెరీత్’ అంటారు. దాన్ని చేయడం అనరు, ‘కోయడం’ అంటారు. దేవుడు తనతో నిబంధన చేసేటప్పుడు అబ్రాము (తరువాత అబ్రాహాము) మూడేళ్ల పెయ్యను, మేకను, పొట్టేలును నడిమికి ఖండించి ఎదురెదురుగా పెట్టి, పక్షులను మాత్రం ఖండించకుండా ఉంచి, గద్దలను తోలుతూ పొద్దుగూకేదాకా కాచుకున్నాడు. చీకటిపడ్డాక ఆ ఖండాల మధ్య నుంచి దేవుని సన్నిధికి గుర్తుగా పొగలేచే పొయ్యి, మండే దివిటీ సాగిపోయాయి, అబ్రాము నడవలేదు. అలా నడవడంలోని శాపార్థం (మాట తప్పితే ఆ ఖండాల గతే నాకూ పట్టాలని) తెలియాలంటే యిర్మీయా 34:18–20 పక్కన పెట్టుకోవాలి. రెండు పక్షాలలో ఒకటే నడిచిందన్న సంగతిని, నా దృష్టిలో, తొందరగా దాటేయకూడదు.

తరువాత ‘విశ్వాసం’ అని అనువదించే ‘ఎమూనా’ అన్న హీబ్రూ మాట పట్టుకోండి. తెలుగులో విశ్వాసమంటే మనసులోని నమ్మకమే స్ఫురిస్తుంది. నిర్గమకాండము 17:12లో మాత్రం అహరోను, హూరు ఇరువైపులా ఎత్తిపట్టగా సూర్యాస్తమయం వరకు కదలకుండా నిలిచిన మోషే చేతులకు ఈ మాటే వాడారు. (‘ఆమేన్’ కూడా ఈ ధాతువుదే.) కనుక నీతిమంతుడు విశ్వాసం వల్ల బతుకుతాడని చెప్పే హబక్కూకు 2:4 చదివేటప్పుడు ‘విశ్వాసం’ ఉన్నచోట ‘నిలకడ’ పెట్టి మరోసారి చదవండి.