ఆఫీసులో జోకు హద్దు దాటితే కంప్లైంట్ పెట్టేదెట్టా

"జోక్‌కి కూడా కంప్లైంటేందబ్బా!" ఒంగోలు, నెల్లూరు ఆఫీసుల్లో ఈ మాట వినని వాళ్లు తక్కువ. ప్రతి పిచ్చి జోక్‌కీ కాగితం పట్టుకుని పరిగెత్తక్కర్లేదు, అది నేనూ ఒప్పుకుంటా. పనిలో చేసిన పొరపాటు మీద నవ్వితే మీరూ ఒకటి తిరిగి అనేయండి, సరిపోతుంది. కులం, మతం, ఒళ్లు, ఆడతనం పట్టుకుని నవ్వుతుంటే మాత్రం ఊరుకోవద్దు.

ముందు మొహం మీదే చెప్పండి. "అన్నా, ఇట్టాంటివి నా దగ్గర అనబాకండి" చాలు, కాకపోతే నవ్వుతూ చెప్పొద్దు, నవ్వితే మీకూ సరదాగానే ఉందనుకుంటారు. భయమేస్తే చెప్పకపోయినా పర్లేదు, ముందుగా చెప్పి తీరాలని చట్టంలో ఏమీ లేదు.

ఆపకపోతే రాసిపెట్టుకోండి. "అసభ్యంగా మాట్లాడారు" అని రాస్తే చదివేవాళ్లకు ఏమీ తెలీదు. ఇట్టా రాయండి: "మంగళవారం పదకొండింటికి టీ దగ్గర, 'మేడం చీర కట్టుకొచ్చింది, ఇంక ఫైళ్లు ఎవరు చూస్తారు' అని గట్టిగా అన్నారు, అకౌంట్స్ వాళ్లిద్దరు విన్నారు, వద్దన్నాక మళ్లీ అన్నారు." బూతైనా సరే చుక్కలు పెట్టకుండా ఉన్నదున్నట్టు రాయాలి. వాట్సాప్‌లో వస్తే నంబరు, తేదీ కనపడేలా స్క్రీన్‌షాట్ వెంటనే తీసుకోండి, అందరికీ డిలీట్ కొట్టేస్తే మీ చేతిలో ఏమీ మిగలదు.

ఆడవాళ్ల మీద లైంగిక అర్థం వచ్చే మాటలు, పనిచేసే చోట ఆడవాళ్లపై లైంగిక వేధింపులను ఆపడానికి తెచ్చిన 2013 చట్టం కిందికొస్తాయి. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట ఈ కంప్లైంట్లు విచారించే అంతర్గత కమిటీ ఉండాలి, దాని అధ్యక్షురాలు మహిళే. చీమకుర్తి గ్రానైట్ యూనిట్ లాంటి చోట పదిమంది కూడా లేకపోతే, లేదా అన్నది ఓనరే అయితే, జిల్లా లోకల్ కమిటీకి ఇవ్వాలి, కలెక్టరేట్‌లో అడగండి. ఘటన జరిగిన 3 నెలల్లోపు ఇవ్వాలి, సరైన కారణం ఉంటే కమిటీ ఇంకో 3 నెలలు పెంచొచ్చు. విచారణ 90 రోజుల్లో ముగించాలి. రాజీ కుదుర్చుకోవచ్చు గానీ డబ్బు మీద కాదు. రుజువు చేయలేకపోయినంత మాత్రాన తప్పుడు కంప్లైంట్ అనడానికి లేదు, ఈ బెదిరింపుకి చాలామంది వెనక్కి తగ్గుతారు.

మగవాళ్లు ఈ చట్టం కింద కంప్లైంట్ పెట్టలేరు, వాళ్లు హెచ్‌ఆర్‌కో మేనేజ్‌మెంట్‌కో రాయాలి. ఎస్సీ, ఎస్టీ ఉద్యోగిని ఆ కులాల వాళ్లు కానివాళ్లు నలుగురి ముందు కులం పేరుతో తిడితే, అవమానిస్తే అది 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద పోలీసు కేసు, హెచ్‌ఆర్‌తో ఆగిపోయేది కాదు.

జరిగింది పక్క సీటు అమ్మాయికైతే ఆమె రాతపూర్వకంగా ఒప్పుకోకుండా ఆమె తరఫున మీరు పెట్టొద్దు, సాక్షిగా నిలబడండి. గ్రూపుల్లో అసలు రాయొద్దు, వివరాలు బయటపెట్టకూడదని చట్టమే చెబుతోంది.

కమిటీకి ఆరు కాపీలు, సాక్షుల పేర్లతో ఇవ్వాలి. ఏడోది మీ దగ్గర ఉంచుకుని దాని మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. "నేను చూసుకుంటాలేమ్మా, కాగితాలెందుకు" అని తీసుకునేవాళ్లు అన్నా సరే, సంతకం పడేదాకా కదలొద్దు.