.22 రైఫిల్‌కి ట్యూనర్: అడ్డం వదిలేయండి, నిలువు చూడండి

ట్యూనర్ అంటే బ్యారెల్ (తుపాకీ గొట్టం) కొనకు తగిలించి, తిప్పుతూ ముందుకీ వెనక్కీ జరుపుకునే బరువు. మా రేంజ్‌లో ప్రోన్ (బోర్లా పడుకుని కాల్చడం) వేసే పిల్లలు దాన్ని తెచ్చుకున్నప్పుడల్లా నేను ముందు అడిగేది తూటాల లాట్ గురించే, అంటే అవి ఏ విడతలో తయారయ్యాయని. బ్యారెల్‌కి పడని తూటాను ఏ ట్యూనరూ బాగుచెయ్యలేదు. ఎలీ టెనెక్స్ అనే పోటీ తూటాల పెట్టె మీద లాట్ నంబరుతో పాటు వేగం కూడా ఉంటుంది, చూసుకోండి. పేరొకటే అయినా లాట్ మారితే అది వేరే తూటా కిందే లెక్క.

పేలాక తూటా గొట్టం దాటడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు. ఆలోపే బ్యారెల్ కొన గాలం కర్రలా పైకీ కిందికీ ఊగుతుంది. ఇటు తూటాలన్నీ ఒకే వేగంతో రావు. సెకనుకు 325 మీటర్లతో రావాల్సింది 315తో వస్తే, 50 మీటర్ల దగ్గర 7–8 మి.మీ. కిందికి దిగిపోతుంది. పది రింగు వ్యాసం 10.4 మి.మీ. మాత్రమే! అయితే నెమ్మదైన తూటా కాస్త ఆలస్యంగా బయటికొస్తుంది. ఆ క్షణానికి కొన పైకి లేస్తూ ఉంటే, దానికి కాస్త ఎక్కువ ఎత్తు దొరికి ఆ లోటు పూడుతుంది. బరువును ముందుకో వెనక్కో జరిపి మనం వెతికేది ఆ క్షణాన్నే.

బోల్ట్ తీసి, చాంబర్‌లో (తూటా కూర్చునే చోట) అది ఖాళీ అని చూపే సేఫ్టీ ఫ్లాగ్ పెట్టాకే ట్యూనర్ మీద చెయ్యి వెయ్యండి. చెయ్యి వెళ్లేది గొట్టం మూతి దగ్గరికి కాబట్టి, ప్రతి తిప్పుకీ ఇదే పద్ధతి, ఎంత తొందరున్నా సరే.

రైఫిల్ యంత్రాంగాన్ని స్టాక్‌కి పట్టి ఉంచే యాక్షన్ స్క్రూలు, బిగువు కొలిచే టార్క్ రెంచ్‌తో ఎప్పటి బిగువుకే బిగించండి. బ్యారెల్ తుడిచి ఉంటే ముందు ఓ పదిహేను, ఇరవై రౌండ్లు వదిలెయ్యండి. గాలి లేని పొద్దుటి పూట, బెంచ్ మీద రెస్ట్ పెట్టి, ట్యూనర్ సున్నా నుంచి మొదలుపెట్టి ఐదేసి రౌండ్లు కాల్చండి. అర తిప్పు చొప్పున జరుపుతూ పోండి. ప్రతిసారీ అన్నిటికన్నా పై తూటాకీ కింది తూటాకీ మధ్య దూరం మాత్రమే రాసుకోండి; ఎలక్ట్రానిక్ టార్గెట్ అయితే నిలువు అంకె తెర మీదే దొరుకుతుంది. అడ్డం ఎంత చెదిరినా పట్టించుకోకండి, అందులో గాలి వాటా ఎక్కువ.

ఆ దూరం తగ్గుతూ వచ్చి, కొంత మేర తక్కువగానే నిలిచి, మళ్లీ పెరుగుతుంది. ఒక్క సెట్టింగ్‌లో తూటాలన్నీ అద్భుతంగా దగ్గరగా పడి, దాని అటూ ఇటూ సెట్టింగ్‌లు బాగోలేకపోతే నమ్మకండి. ఐదు తూటాలు అదృష్టవశాత్తూ కూడా ఒకచోట పడతాయి. వరసగా బాగున్న మేర మధ్యకు వచ్చి, అక్కడ చిన్న చిన్న తిప్పులతో పదేసి రౌండ్లు కాల్చి చూడండి. కుదిరాక లాక్ బిగించి, గీత దగ్గర పెయింట్ చుక్క పెట్టండి.

తర్వాత స్లింగ్ (చేతికీ రైఫిల్‌కీ కట్టే పట్టీ) వేసుకుని ప్రోన్‌లో సరిచూడాలి, ఇది మాత్రం మానకండి. ఒంటి పట్టు, స్లింగ్ లాగుడు బెంచ్ మీద ఉండవు కదా. బరువు ముందుకెళ్లాక బ్యాలెన్స్ మారుతుంది, జీరో (సైట్ గురికి తూటా తగిలే చోటు కుదిర్చిన అమరిక) కూడా కదులుతుంది. ట్యూనర్‌తో కలిపి రైఫిల్ బరువు పోటీ నిబంధనల పరిమితి దాటకూడదు.

మేలో హైదరాబాద్ ఎండలో కుదిరిన సెట్టింగ్ డిసెంబరులో ఢిల్లీ కర్ణీ సింగ్ రేంజ్ చలికి తప్పవచ్చు, ఎందుకంటే చలికి తూటా వేగం తగ్గుతుంది. అక్కడ ప్రాక్టీస్ రోజున రెండు పక్కలా ఒక్కో చిన్న తిప్పు తిప్పి చూసుకోండి. కొత్త లాట్ పెట్టె తెరిచినా అంతే.