గుల్‌మార్గ్ వెళ్లేవారికి జాగ్రత్తలు: ఒంటికి ఆనుకునే బట్ట నూలుది కాకూడదు

2024 ఫిబ్రవరి 22న కశ్మీర్‌లోని గుల్‌మార్గ్ పైన ఖిలన్‌మార్గ్ ప్రాంతంలో మంచు చరియలు విరిగిపడి ఒక రష్యా స్కీయర్ మరణించారు. అంతకు ముందు ఏడాది ఫిబ్రవరి 1న అఫర్వత్ పర్వతం మీద హాపత్‌ఖుడ్ దగ్గర ఇద్దరు పోలండ్ దేశస్థులు ఇలాగే చనిపోయారు. 19 మందిని ప్రాణాలతో కిందికి తెచ్చారు. ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ మనవాళ్లు అనే మాట ఒకటే: "మనం అంత పైకి వెళ్లం కదా!"

వెళ్లకపోవచ్చు. కానీ గొండోలా, అంటే తీగ మీద నడిచే కేబుల్ కారు ఎక్కుతారు. గాలి ఉధృతమైతే గొండోలాను ఆపేస్తారు. అప్పుడు మొదటి దశ ముగిసే కొంగ్‌డూరీలోనో, ఇంకా పైన రెండో దశ ముగిసే అఫర్వత్ స్టేషన్‌లోనో గంటల తరబడి నిలబడాల్సి వస్తుంది. ఆ గంటల్లో మిమ్మల్ని కాపాడేది గైడూ కాదు, డబ్బూ కాదు. మీ చర్మానికి ఆనుకుని ఉన్న బట్ట. అందుకే ఈసారి నేను రాస్తున్నది ఆ బట్ట గురించే. ఉన్ని టోపీ తెచ్చుకోండి, పెదాలకు క్రీము రాసుకోండి లాంటివి మీకు అందరూ చెప్తారు.

మంచు మీద ఫ్యాషన్ ఈమధ్య బాగా మారింది. స్నోబోర్డు కుర్రాళ్లు తొడల దాకా వేలాడే హుడీ, రెండు సైజులు పెద్దదైన ప్యాంటు వేస్తున్నారు. అమ్మాయిలు తెల్లటి వన్‌పీస్ సూట్లు, నడుము దగ్గరే ఆగిపోయే పొట్టి పఫర్ జాకెట్లు, క్రోషే టోపీలు ఇష్టపడుతున్నారు. 1980ల నాటి మెరిసే గులాబీ, నారింజ రంగులు మళ్లీ వచ్చాయి. ఇందులో తప్పేమీ లేదు. జీవితంలో ఒక్కసారి మంచుకొండ ఎక్కేవాళ్లు అందంగా కనబడాలనుకోవడం న్యాయమే. చిక్కంతా ఒకచోటే ఉంది. ఆ ఫొటోల్లో కనిపించే హుడీ చాలాసార్లు మామూలు హుడీ కాదు, నీళ్లు పీల్చని సింథటిక్ బట్ట. జీన్స్‌లా కనిపించే ప్యాంటు డెనిమ్ బొమ్మ అచ్చువేసిన వాటర్‌ప్రూఫ్ ప్యాంటు. ఫొటో చూసి మనం కొనేది మాత్రం అసలు సిసలు నూలు హుడీ, అసలు సిసలు జీన్స్.

ఒంటికి ఆనుకునే పొర

ఎండాకాలంలో కుండకు తడిగుడ్డ చుడతాం. గుడ్డలోని నీరు ఆవిరవుతూ కుండలోని వేడిని లాక్కుపోతుంది, నీళ్లు చల్లబడతాయి. గుల్‌మార్గ్‌లో తడిసిన నూలు బట్ట మీ ఒంటికి చేసేది సరిగ్గా ఇదే. పైగా గాలితో పోలిస్తే నీరు వేడిని సుమారు పాతిక రెట్లు వేగంగా లాగేస్తుంది. నూలు బట్టను వెచ్చగా ఉంచేది దాని పోగుల మధ్య నిలిచే గాలి. తడిస్తే ఆ గాలి పోయి నీరు చేరుతుంది. అది మంచులో ఆరదు కూడా.

మనం పత్తి పండే నేల నుంచి వచ్చినవాళ్లం. మన ఎండకు నూలుకు మించిన బట్ట లేదు. అది చెమటను తాగుతుంది, ఒంటిని చల్లబరుస్తుంది. ఆ గుణం కోసమే దాన్ని ప్రేమిస్తాం. సున్నాకు పది డిగ్రీల దిగువన అదే గుణం ప్రాణం మీదికి తెస్తుంది.

"నేను తడవను, మంచు పొడిగానే ఉంటుంది కదా" అంటారు. మొదటిసారి స్కీ కట్టుకున్నవారు మొదటి గంటలో ఎక్కువగా చేసేది పడటం, లేవటం. పడిన ప్రతిసారీ తొడల మీద, నడుము దగ్గర మంచు అంటుకుని ఒంటి వేడికి కరుగుతుంది. లేచిన ప్రతిసారీ చెమట పడుతుంది. అంటే పైనుంచి తడి, లోపలి నుంచి తడి. కొంగ్‌డూరీలో ఒక కుర్రవాడిని చూశాను. జీన్స్ మోకాలి నుంచి మడమ దాకా గట్టిపడిపోయి మడతపడటం లేదు. బెంచీ మీద కూర్చోవడానికి కాలు వంచలేక నిలబడే ఉన్నాడు. వాళ్ల నాన్నగారు ప్యాంటు అంచు పైకి లాగితే పిక్కలు ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి. పైన వేసుకున్న జాకెట్ మాత్రం మంచి ఖరీదైనది.

ఇలాంటి దృశ్యం ఏటా చూస్తున్నాను. పైన ఎంత మంచి జాకెట్ ఉన్నా లోపల నూలు ఉంటే మీరు చలిలో నూలు వేసుకున్నట్టే లెక్క.

నూలు ఎక్కడెక్కడ దాక్కుంటుందో చెబుతాను, ఎందుకంటే జీన్స్ మానేసినవాళ్లు కూడా ఇక్కడ దెబ్బతింటున్నారు.

మగవాళ్ల బనియన్. ఖరీదైన ఉన్ని థర్మల్స్ కొని, అలవాటు కొద్దీ దాని కింద తెల్ల బనియన్ వేసుకుంటారు. చెమట ముందు దానికే పడుతుంది, అందులోనే ఉండిపోతుంది. బనియన్ వద్దు. మిగతా లోదుస్తులు కూడా సింథటిక్‌వే చూసుకోండి.

కుర్తీ కింద వేసుకునే లెగ్గింగ్స్. ఇవి చాలావరకు కాటన్, లైక్రా కలిపినవి. "రెండు లెగ్గింగ్స్ వేసుకున్నా" అంటే రెండు తడిగుడ్డలు చుట్టుకున్నట్టు.

మన ఊళ్లో దుకాణాల్లో దొరికే థర్మల్స్. వీటిలో చాలావాటిలో నూలు కలుస్తుంది. ఢిల్లీ చలికి, కారులో కూర్చునే చలికి అవి చాలు. పడుతూ లేస్తూ చెమటోడ్చే ఆటకు చాలవు. మెడ దగ్గరి లేబుల్ చదవండి. పాలిస్టర్ అనో, మెరినో ఉన్ని అనో ఉంటే తీసుకోండి. కాటన్ అన్న మాట కనబడితే దుకాణంలోనే వదిలేయండి.

ఇంకో సంగతి. జాకెట్, వాటర్‌ప్రూఫ్ ప్యాంటు, బూట్లు, హెల్మెట్, గాగుల్స్ అన్నీ గుల్‌మార్గ్‌లో అద్దెకు దొరుకుతాయి. ఒంటికి ఆనుకునే పొర అద్దెకు దొరకదు. డబ్బు దేనికి పెట్టాలో ఇక మీరే తేల్చుకోవచ్చు. మనవాళ్లు ఫొటోలో కనబడుతుందని పైపొరకు వేలు పోసి, కనబడదని లోపొరకు ఇంట్లో ఉన్నదే సర్దుకుంటారు. తిరగేయండి.

పైకి కనబడేది

గుల్‌మార్గ్ కింద ఉన్న టంగ్‌మార్గ్‌లో అద్దెకిచ్చే బొచ్చు ఓవర్‌కోటు, గమ్‌బూట్లు నడవడానికి, ఫొటోలకు పనికొస్తాయి. స్కీకి పనికిరావు. కోటు మంచును పట్టుకుని బరువెక్కుతుంది.

పొట్టి జాకెట్ వేయాలనిపిస్తే కింద తప్పకుండా బిబ్ ప్యాంటు, అంటే ఛాతీ దాకా వచ్చి భుజాలకు పట్టీలుండే ప్యాంటు వేయండి. లేకపోతే మొదటిసారి పడగానే నడుములోంచి మంచు లోపలికి దూరుతుంది.

తెల్ల సూటు గురించి గట్టిగానే చెబుతాను. మబ్బు కమ్మినప్పుడు అఫర్వత్ మీద నేలా ఆకాశమూ ఒకే రంగులో కలిసిపోతాయి. వెనక నుంచి వేగంగా వచ్చే స్కీయర్‌కు తెల్లబట్టలో పడి ఉన్న మనిషి కనబడడు. వెతకడానికి వచ్చినవాళ్లకూ కనబడడు. పైన తెలుపే కావాలంటే హెల్మెట్, ప్యాంటు అయినా ఎర్రగానో నారింజగానో ఉండాలి. ఎనభైల నాటి ఆ మెరిసే రంగులు తిరిగి రావడం నాకు నిజంగా సంతోషం.

కొన్ని జాకెట్లలో రెకో అనే, రేడియో తరంగాలను తిప్పికొట్టే చిన్న పరావర్తకం కుట్టి ఉంటుంది. దాన్ని వెతికే పరికరం రక్షకుల చేతిలో ఉన్నప్పుడే అది పనిచేస్తుంది. కాపలా లేని వాలుల్లోకి వెళ్లేవారికి ట్రాన్సీవర్ (పూడినవారి జాడ తెలిపే రేడియో పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార తప్పనిసరి. మంచు కింద పూడిపోయిన మనిషికి మొదటి పది, పదిహేను నిమిషాలే ఆశ. అంతలో తీయగలిగేది పక్కనున్న తోడే. అతని దగ్గర పరికరం లేకపోతే మీ దగ్గర ఉండి లాభం లేదు.

తల, కళ్లు, పాదాలు

హెల్మెట్ కింద కొప్పు, క్లిప్పు, బొచ్చుకుచ్చు టోపీ ఉండకూడదు. హెల్మెట్ తలకు అతుక్కుని కూర్చోకపోతే దెబ్బ తగిలినప్పుడు జారిపోతుంది. జడ వదులుగా అల్లి జాకెట్ లోపలికి వేసుకోండి.

మంచు తన మీద పడిన అతినీలలోహిత (యూవీ) కిరణాల్లో 80 శాతం దాకా తిప్పికొడుతుంది. ఎత్తు పెరిగేకొద్దీ వాటి తీవ్రత కూడా పెరుగుతుంది. ముదురు రంగు అద్దమైనంత మాత్రాన రక్షణ ఉండదు. యూవీ రక్షణ లేని నల్లద్దం ఇంకా చెడ్డది, ఎందుకంటే చీకటికి కంటిపాప పెద్దదై కిరణాలు ఎక్కువగా లోపలికి పోతాయి. నొప్పి అప్పుడే తెలియదు. కొన్ని గంటల తర్వాత కళ్లలో ఇసుక పోసినట్టు మొదలవుతుంది. ఎండకు ఎస్3 అని రాసి ఉన్న ముదురు అద్దం, మబ్బుకు ఎస్1 అని రాసి ఉన్న లేత అద్దం.

ఒక్క జత మేజోళ్లే వేసుకోండి. చలికి భయపడి రెండు జతలు వేస్తే బూటు బిగుసుకుని రక్తం ఆడక పాదాలు ఇంకా చల్లబడతాయి. నూలు మేజోళ్లు అసలే వద్దు. థర్మల్ ప్యాంటును బూటులోకి దోపకండి, దాని మడత గంటలో పిక్కను ఒరిపిస్తుంది.

ఆడవాళ్లకు ఒక మాట. స్కీ బూటులో మెట్టెలు ఉంచుకోకండి. ఆ బూటు పాదాన్ని అన్ని వైపులా నొక్కిపట్టే గట్టి ప్లాస్టిక్ డిప్ప. మెట్టె పక్క వేలిలోకి దిగుతుంది, వేలు వాస్తే ఊడిరాదు. ఇంటి పెద్దలు ఏమైనా అంటారనుకుంటే ఈ పేరా చూపించండి. గాజులు, ఉంగరాలు, ముక్కుపుడక, వేలాడే కమ్మలు కూడా హోటల్లోనే ఉండాలి. లోహం చర్మంలోని వేడిని లాగేస్తుంది.

ఇక మిగిలినవి వరుసగా:

- దుపట్టా, పొడవాటి స్కార్ఫు వద్దు. వాలు మీదికి చేర్చే లిఫ్టులో చిక్కుకుంటే మెడకు బిగుస్తుంది. మెడకు గొట్టంలా తొడుక్కునే బట్ట వాడండి.
- వదులు ప్యాంటు అంచు మడమ కింద పడకూడదు. వేలాడే తాళ్లు కత్తిరించండి.
- కుర్చీ లిఫ్టు ఎక్కేముందు వీపు సంచి తీసి ఒళ్లో పెట్టుకోండి.
- ఫెరన్, అంటే కశ్మీరీల పొడవాటి వదులు అంగీ వేసుకుని ఫొటో దిగండి. ఫెరన్‌తో స్కీ కట్టుకోకండి. కొత్తవాళ్లు లోపల కాంగ్రీ (బుట్టలో పెట్టిన నిప్పుల కుండ) పెట్టుకోకండి.
- కాంగ్రీ, బుఖారీ (గదిని వెచ్చబరిచే పొయ్యి) వెలుగుతుండగా గది తలుపులు బిగించుకుని నిద్రపోకండి.
- తడి గ్లవ్స్ బుఖారీ మీద పెట్టకండి.
- ఫోను లోపలి జేబులో ఉంచండి. చలికి బ్యాటరీ చచ్చిపోతుంది.
- గుల్‌మార్గ్ ఎత్తు సుమారు 2,650 మీటర్లు. గొండోలా రెండో దశ పై స్టేషన్ 3,900 మీటర్లు దాటుతుంది. కింద సున్నాకు దిగువ అయిదు డిగ్రీలు ఉంటే పైన సున్నాకు దిగువ పదమూడు అనుకోండి. గాలి వల్ల పెరిగే చలి దానికి అదనం. హోటల్ కిటికీలో ఎండ చూసి బట్టలు తగ్గించకండి.
- డిసెంబరు 21 నుంచి నలభై రోజులు సాగే చిల్లై కలాన్ అనే గడ్డు చలికాలంలో చిన్నపిల్లలను అఫర్వత్ మీదికి తీసుకెళ్లకండి.
- చెమట పట్టకముందే ఒక పొర విప్పండి. పట్టాక విప్పితే ఆలస్యమే.
- సంచిలో పొడి థర్మల్ చొక్కా ఒకటి, పొడి మేజోళ్లు ఒక జత. నూలువి కావు.
- పిల్లల జాకెట్ జిప్పు తీసి లోపల చెయ్యి పెట్టి చూడండి. స్కూలు టీషర్టు తగిలితే అప్పుడే మార్చండి. "బాగానే ఉన్నాను" అని పిల్లలు చెప్పేది ఆట ఆగిపోతుందనే భయంతో.
- జీన్స్ వేసుకున్నవారిని లిఫ్టు ఎక్కనివ్వకండి. మొహమాటం వద్దు. తిట్టినా ఫరవాలేదు.
- వణుకు తగ్గి మాట తడబడితే అది సర్దుకోవడం కాదు. వెంటనే లోపలికి తీసుకెళ్లి తడిబట్ట విప్పి, పొడిబట్ట వేసి, వైద్య సాయం పిలవండి. మద్యం ఇవ్వకండి.
- వేలో, చెవో, ముక్కు కొనో తెల్లబడి స్పర్శ పోతే మంచుతో రుద్దకండి. మంటకూ చూపకండి. వేలయితే చంకలో పెట్టుకుని, చెవో ముక్కో అయితే వెచ్చని అరచేతితో కప్పి వెచ్చబరచండి. కాసేపటికి రంగు రాకపోతే ఆ రోజు ఆట ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.