నాన్న ఊపిరికి రోజూ పది నిమిషాలు

బెంగళూరు మారతహళ్ళిలో మా ఇంటికి రెండంతస్తులు ఎక్కేసరికి నాన్న రెయిలింగ్ పట్టుకుని ఆగిపోయేవారు. డాక్టర్ పరీక్షలన్నీ చేసి ఫిజియోథెరపీ రాశారు. మీ ఇంట్లో పెద్దవాళ్ళకి ఆయాసం ఉన్నా ముందు డాక్టర్‌కి చూపించండి, ఇక్కడ చెప్పే వ్యాయామాలన్నీ ఆ తర్వాతే.

మొదట పొట్టతో ఊపిరి. కుర్చీలో ఆనుకుని కూర్చోబెట్టి, ఒక చెయ్యి ఛాతీ మీద, ఇంకోటి పొట్ట మీద పెట్టుకోమనండి. ముక్కుతో పీల్చినప్పుడు పొట్ట మీది చెయ్యే లేవాలి. వదిలేటప్పుడు వేడి కాఫీ ఊదినట్టు పెదాలు సున్నా చుట్టి, 2 అంకెలు పీలిస్తే 4 అంకెల సేపు మెల్లగా వదలాలి. మా నాన్నయితే బుగ్గలు పూరించి బెలూన్ ఊదినట్టు ఊదేసేవారు, అలా కాదు, ఎదురుగా దీపం ఉందనుకుంటే వత్తి ఊగాలి గానీ ఆరకూడదు. ఐదారుసార్లకి ఆగండి, లేకపోతే తల తిరుగుతుంది.

మెట్టెక్కేటప్పుడు గాలి వదలాలి, బిగబట్టకూడదు.

వారానికోసారి కొలవండి. కుర్చీని గోడకి ఆనించి, చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి నిలబడతారో లెక్కపెట్టండి. తర్వాత కుర్చీలోంచి లేచి 3 మీటర్లు నడిచి తిరిగొచ్చి కూర్చోవాలి. 12 సెకన్లు, అంతకు మించి పడితే పడిపోయే ప్రమాదం ఉన్నట్టే, పక్కనే ఉండండి. నేను గోడ క్యాలెండర్ గడిలోనే రాసేస్తాను, లేచి నిలబడే లెక్క 7 కాస్తా 9 అయిన రోజు నాన్నే పెన్ను లాక్కున్నారు.

ఛాతీ నొప్పి, నీలం పెదాలు, మాట పూర్తిచేయలేనంత ఆయాసం కనిపిస్తే వ్యాయామం ఆపేసి వెంటనే 108కి ఫోన్ చేయండి.