రాడ్ మార్చే ముందు రెండు రీడింగులు తీయండి

కిందటి చలికాలం వజ్రపుకొత్తూరు వైపు పల్లె నుంచి ఒక పిన్ని కాశీబుగ్గలో మా షాపుకి వాటర్ హీటర్ రాడ్ పట్టుకొచ్చింది. "బాబూ, గంటైనా బకెట్టు నీళ్లు కాగట్నేదు, ఏటో సూడు" అంది. పొద్దంతా జీడిపప్పు ఫ్యాక్టరీలో పని చేసి ఇంటికెళ్లే మనిషి. అప్పటికే ఇంకో చోట ఒక రాడ్ మార్పించి డబ్బు పోగొట్టుకుంది, ఇది రెండోది. ఇలాంటివి చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. రెండు అంకెలు కొలిచి, ఒక భాగహారం, ఒక గుణకారం చేస్తే తేలిపోయే విషయం. కరెంటు పని కొంచెం తెలిసిన ఎవరైనా చేయొచ్చు.

మొదటి అంకె వోల్టేజి, రెండోది కరెంటు. వోల్టేజిని కరెంటుతో భాగిస్తే రెసిస్టెన్స్, అంటే కరెంటుకి ఎంత అడ్డు ఉందో వస్తుంది, ఓమ్‌లలో. రెండింటినీ గుణిస్తే పవర్ వస్తుంది, వాట్లలో. జర్మనీలో బడిపంతులుగా పని చేసిన జార్జ్ ఓమ్ తీగలు మార్చి మార్చి కొలిచి 1827లో అచ్చు వేయించింది ఇందులో భాగహారం లెక్కే. లెక్క తేలికే, తప్పులన్నీ కొలవడంలోనే జరుగుతాయి.

వోల్టేజి కోసం మల్టీమీటర్‌ని ఏసీ పెద్ద రేంజి మీద పెట్టండి. ఎర్ర వైరు 10 ఆంప్స్ రంధ్రంలో ఉందేమో ముందు చూసుకోండి. అందులో ఉండగా మొనలు సాకెట్‌లో పెడితే నేరుగా షార్ట్, మీటర్ చేతిలోనే పేలొచ్చు. రాడ్ నీళ్లలో మునిగాకే స్విచ్ వేయాలి, ప్లగ్గు పీకేదాకా నీళ్లలో వేలు పెట్టకూడదు. ఇక వోల్టేజిని రాడ్ పని చేస్తుండగానే, అదే బోర్డులో పక్క సాకెట్‌లో చూడాలి. రాడ్ ఆపి ఉన్నప్పుడు చూసిన వోల్టేజితో లెక్క కడితే రెసిస్టెన్స్ తప్పు వస్తుంది.

కరెంటుకి టాంగ్ టెస్టర్ మేలు, అంటే వైరు కోయకుండా దాని చుట్టూ పట్టుకుని కరెంటు చూపించే క్లాంప్ మీటర్. దాని దవడల మధ్య ఒక్క వైరే ఉండాలి. రాడ్ కేబుల్ మొత్తాన్ని పట్టుకుంటే సున్నా చూపిస్తుంది, ఎందుకంటే ఫేజ్‌లో వెళ్లే కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చే కరెంటు ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. అందుకే నేను రెండు బారల ఎక్స్‌టెన్షన్ ఒకటి చేసి పెట్టుకున్నాను. పై తొడుగు మాత్రం తీసేసి, లోపలి మూడు వైర్లూ విడివిడిగా ఉంచాను, వాటి ఇన్సులేషన్‌కి గీత కూడా పడనివ్వలేదు. కరెంటు బాగా తక్కువైతే ఫేజ్ వైరుని దవడ లోంచి పది చుట్లు తిప్పి, వచ్చిన అంకెని 10తో భాగిస్తాను.

పిన్ని రాడ్ మా షాపులో 232 వోల్టుల దగ్గర 4.3 ఆంప్స్ తీసుకుంది. 232ని 4.3తో భాగిస్తే 54 ఓమ్‌లు. గుణిస్తే 998 వాట్లు. రాడ్ మీద రాసింది 1000. అంటే రాడ్ శుభ్రంగా ఉంది. మార్చాల్సిన పనే లేదు.

ఆ సాయంత్రమే బండి మీద వాళ్లింటికెళ్లాను. రాడ్ వేశాక 194 వోల్టులు, 3.6 ఆంప్స్. భాగిస్తే మళ్లీ అదే 54. గుణిస్తే మాత్రం 698 వాట్లే. వోల్టేజి ఆరో వంతు తగ్గితే పవర్ దాదాపు మూడో వంతు పోయింది, ఎందుకంటే వోల్టేజితో పాటు కరెంటు కూడా తగ్గుతుంది. 20 లీటర్ల నీళ్లని 30 డిగ్రీలు వేడెక్కించడానికి, వేడి బయటికి పోదనుకున్నా, 998 వాట్లకి 42 నిమిషాలు పడుతుంది. 698కి సరిగ్గా గంట. ఆమె చెప్పింది అక్షరాలా నిజం.

లైన్‌లోనే వోల్టేజి తక్కువేమో అనుకుని వదిలేసేవాళ్లే ఎక్కువ. ఒక్క పని చేయండి, రాడ్ ఆపి మళ్లీ వోల్టేజి చూడండి. అక్కడ 216కి లేచింది. అంటే రాడ్ వేయగానే 22 వోల్టులు దారిలో ఎక్కడో పడిపోతున్నాయి. ఆ 22ని 3.6తో భాగిస్తే 6 ఓమ్‌లు. ఆ కాస్త దూరం రాగి వైరులో ఒక ఓమ్ కూడా ఉండకూడదు. 22ని 3.6తో గుణిస్తే 79 వాట్లు. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్లు మూడు దారిలో వెలుగుతున్నట్టే.

మెయిన్ ఆపి, టెస్టర్‌తో చూసుకుని, మెయిన్‌కీ బోర్డుకీ మధ్య ఉన్న చెక్క పెట్టె విప్పాను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తర్వాత హడావుడిగా వేసిన న్యూట్రల్ జాయింటు అందులో ఉంది. అల్యూమినియం వైరుకి రాగి వైరు మెలిపెట్టి టేపు చుట్టేశారు. టేపు బొగ్గులా అయి ముట్టుకుంటే రాలిపోయింది, లోపల అల్యూమినియం మీద తెల్లటి బూజులాంటి పొడి. పెట్టె చెక్క కూడా ఒక పక్క కమిలింది. ఇంకో చలికాలం అలాగే నడిచి ఉంటే నిప్పే. ఆ అల్యూమినియం ముక్క తీసేసి, బోర్డు దాకా ఒకే రాగి వైరు లాగి స్క్రూలు గట్టిగా బిగించాను. తర్వాత రాడ్ వేసి చూస్తే 212 వోల్టులు, 3.9 ఆంప్స్, 827 వాట్లు.

మీటరుకీ మెయిన్‌కీ మధ్య అనుమానం వస్తే మాత్రం మీరు విప్పకండి. మెయిన్ ఆపినా అక్కడ కరెంటు ఉంటుంది, లైన్‌మన్‌ని పిలవాల్సిందే.

ఈ లెక్క రాడ్‌కి, ఇస్త్రీపెట్టెకి, గీజర్‌కి నేరుగా సరిపోతుంది. పాత ఫిలమెంటు బల్బుకి వెలుగుతున్నప్పుడే కొలవాలి. 230 వోల్టుల 100 వాట్ల బల్బు వెలుగుతుంటే 529 ఓమ్‌లు, చల్లగా ఉన్నప్పుడు 40 దగ్గర చూపిస్తుంది. మోటారుకైతే వోల్టేజిని కరెంటుతో గుణించినా సరైన వాట్లు రావు, ప్లేటు మీద రాసిన పవర్ ఫ్యాక్టర్‌తో (ఆ గుణకారంలో నిజమైన వాట్లు ఎంత వంతో చెప్పే అంకె) కూడా గుణించాలి. దాని వైండింగ్ రెసిస్టెన్స్ కావాలంటే ప్లగ్గు పీకి, కెపాసిటర్ డిశ్చార్జి చేసి, మల్టీమీటర్‌ని ఓమ్‌ల మీద పెట్టి విడిగా చూసుకోండి.